మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: రంజీ ట్రోఫీ మొదలైన కొత్తలోనే హైదరాబాద్ కప్పు కొట్టిందని మా తాతయ్య అంటుంటారు. నిజమేనా అండీ?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అక్షరాలా నిజం. 1937-38, అంటే టోర్నీ నాలుగో సీజన్. బొంబాయిలో ఫైనల్, ఎదురుగా నవానగర్ (ఇప్పటి జామ్‌నగర్) జట్టు. అంతకు ముందు ఏడాది ఛాంపియన్లు వాళ్లే. మనవాళ్లు తొలి ఇన్నింగ్స్‌లో 113కే చాప చుట్టేశారు. నవానగర్ తొలి ఇన్నింగ్స్‌లో 152, రెండో ఇన్నింగ్స్‌లో 270. మన లక్ష్యం 310! అవతలి వైపు వికెట్లు పడుతున్నా ఎడుల్జీ ఐబరా క్రీజు వదల్లేదు. 137 నాటౌట్. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఆ స్కోరుకార్డు ఎప్పుడు చూసినా, ఫలితం తెలిసి కూడా, నాకు చివరి జోడీ దగ్గర టెన్షనే. మళ్లీ కప్పు దక్కింది 1986-87లో. ఇంతటి ఇన్నింగ్స్ ఆడిన ఐబరా పేరు ఇప్పటి పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు, అదే నా బాధ.