కర్నూలు శివారులో స్థలం "కొని పడేస్తే" ఏమవుతుంది: పక్కింటి నుంచి ఒక జవాబు

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సొంత ఊరు కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఐదు సెంట్లు కొని పడేసి, పదవీ విరమణ నాటికి ఇల్లు కట్టుకోవచ్చా అని అడిగారు. ఆ "కొని పడేసి" అన్న మాట నాకు గుచ్చుకుంది. 2012 నుంచి కల్లూరు అవతల ఒక కాలనీలో కాపురం ఉంటున్నాను. అలా కొని పడేసిన స్థలాల మధ్యే ఉంటున్నాను.

మేము శివారుకు రావడానికి కారణం 2009 వరద. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు పాతబస్తీలో అద్దెకు ఉండేవాళ్లం. మేడ మీద వాళ్ల ఇంట్లో తలదాచుకుని, నీళ్లు తీశాక కిందికి దిగితే ఇంటినిండా మోకాలి లోతు బురద. బీరువా ఉబ్బిపోయి తలుపు రాలేదు. నా పెళ్లి చీర అందులోనే ఉంది. ఆ రోజు నుంచి మా వారిది ఒకటే పట్టు: ఇల్లంటూ కడితే మిట్ట మీదే. అందుకే ధర తర్వాత, ముందు నీళ్లు ఎటు పారతాయో చూశాం. దళారులు స్థలం చూపించడానికి ఎండాకాలం తీసుకెళ్తారు. మీరు గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్లను వంక, అంటే వాగు, ఎక్కడ పారేదో అడగండి. రంగురంగుల కరపత్రంలో వంక కనిపించదు.

తర్వాత మట్టి. ఇక్కడ చాలాచోట్ల నల్లరేగడి. ఎండకు నోళ్లు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. పైన కట్టిన గోడ కూడా దాంతోపాటే లేచి కుంగుతుంది. మా మేస్త్రి గట్టి నేల తగిలేదాకా ఆరడుగులు తవ్వించి, తీసిన నల్లమట్టిని మళ్లీ వేయనివ్వకుండా మొరం తోలించాడు. ఇల్లు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ప్రహరీ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకుందామని మేస్త్రి మాట కాదని రెండడుగులకే ఆపించాను. మూడో వానాకాలానికి గోడలో చెయ్యి పట్టేంత బీట. తప్పు నాదే. వసారాలో బేతంచెర్ల నాపరాళ్లు పరిపించడం మాత్రం నేను చేసిన మంచి పని. టైల్సు వేయించలేదేమని అప్పట్లో నవ్విన బంధువులు, మే నెలలో 43 డిగ్రీల ఎండకు వచ్చి ఆ బండల మీద చాప కూడా అడగకుండా పడుకుంటారు.

ఇక అసలు సంగతి. మేము దిగేసరికి నలభై స్థలాలకు ఏడు ఇళ్లు. మిగిలిన యజమానులు హైదరాబాదులో, బెంగళూరులో, కువైట్‌లో. బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడ్డాయి. తాగే నీళ్ల ట్యాంకరు ఒక్క ఇంటి కోసం అంత దూరం రానంటే, ఏడిళ్ల వాళ్లం ఒకే రోజు తెప్పించుకునేలా మాట్లాడుకున్నాం. వీధి దీపాలకు అర్జీ పెడితే "ఎన్ని ఇళ్లున్నాయమ్మా" అన్నదే మొదటి ప్రశ్న. ఇరవయ్యో ఇల్లు లేచాకే పైపులైను కదిలింది. ఖాళీ స్థలం అర్జీ మీద సంతకం పెట్టదు కదా! అది సర్కారు తుమ్మను పెంచుతుంది, పందులకు నీడనిస్తుంది, కార్తీకంలో కూడా పాములను మన గుమ్మం దాకా పంపుతుంది.

భవిష్యత్తు చూపించి ధర చెప్పేవాళ్లను నమ్మకండి. 2019 డిసెంబరులో కర్నూలును న్యాయ రాజధాని చేస్తారన్న మాట రాగానే మా కాలనీలో సెంటు ధర చెప్పేవాళ్ల గొంతే మారిపోయింది. 2021 మార్చిలో ఊరికి దగ్గర్లోని ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైతే ప్రతి కరపత్రం మీదా విమానం బొమ్మే. అదే ఏడాది నవంబరులో మూడు రాజధానుల చట్టాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. స్థలం కొన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఈ ఊరికి ఇది కొత్త కాదులెండి. 1953లో వచ్చిన ఆంధ్ర రాష్ట్ర రాజధాని 1956లో హైదరాబాదుకు వెళ్లిపోయింది. మాకు మిగిలినవి అప్పటి ఉద్యోగుల కోసం వెలిసిన పేటలకు బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు.

ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం), లేఅవుట్ అనుమతి, 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూసుకోమని మీకు ఎవరైనా చెబుతారు. ఐదు సెంట్లంటే 242 గజాలు, టేపు పట్టి కొలిపించండి. ఉమ్మడి అవసరాలకు వదిలిన ఖాళీ జాగాను స్థానిక సంస్థకు గిఫ్టు దస్తావేజు రాసిచ్చారో లేదో కూడా అడగండి. మా కాలనీ పటంలో పిల్లల పార్కు ఉంది. ఆ చోట ఇప్పుడు రెండంతస్తుల మేడ ఉంది.

కాబట్టి, కొనండి, కానీ పడేయకండి. స్తోమత ఉంటే రెండు గదులు వేసి అద్దెకివ్వండి. ఊళ్లోకి వెళ్లే ఆటో దొరికే చోటైతే అద్దె తక్కువైనా మనుషులు దొరుకుతారు. అదీ కుదరకపోతే ఏటా వానలకు ముందు కంప కొట్టించి, పక్కింటివాళ్లకు మీ ఫోను నంబరు ఇచ్చి వెళ్లండి. మా ఇంటికి తూర్పున ఉన్న ఐదు సెంట్ల యజమాని నంబరు కోసం ఆరేళ్లుగా వెతుకుతున్నాను. హైదరాబాదులోనే ఉంటారట. మీకు తెలిసినవాళ్లేమో కాస్త కనుక్కుంటారా?