కోవూరు వైపు స్థలం నిజంగా చవకేనా?

నెల్లూరులో ఉద్యోగం చేస్తూ పెన్నా అవతల కోవూరు వైపు స్థలం కొంటే కలిసొస్తుందా అని అడిగారు. టౌన్‌తో పోలిస్తే ధర తక్కువే. కానీ అంకణం రేటు ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. అందుకే గజాల్లో అడగండి. 20 లక్షల స్థలానికి 7.5 శాతం లెక్కన రిజిస్ట్రేషన్‌కే లక్షన్నర. ఇంటికి 25 లక్షల లోన్ తీస్తే, 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు దాదాపు 22,500 కిస్తీ. రోజూ వంతెన దాటే పెట్రోలు వేరు. కిస్తీ, పెట్రోలు కలిపి నెల జీతంలో మూడో వంతు దాటితే ఆగండి, టెన్షన్ భరించలేరు.

నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుట్ అసలు వద్దు. ఇంకో మాట, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. చాలా ప్లాట్లు నిన్నటి వరిమడులే, హద్దురాళ్ల చుట్టూ నీళ్లు నిలుస్తాయి.