అడ్వాన్సు ఇచ్చాక తెలిసిన ఫెరారీ

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 39, మా ఆయనకు 43. ఆయనది ఇంకా హెచ్1బీ ఉద్యోగ వీసా, నేను హెచ్4 ఈఏడీ (ఆయన వీసా మీద వచ్చే ఉద్యోగ అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. పాప టెన్త్ గ్రేడు, బాబు ఫిఫ్త్. పోయిన నెల కార్డు స్టేట్‌మెంటులో 2,000 డాలర్లు కనబడితే అడిగాను. హ్యూస్టన్‌లో ఒక డీలరు దగ్గర 2006 ఫెరారీ ఎఫ్430కి అడ్వాన్సు ఇచ్చారట. ధర 1,35,000. అరవై వేలు కంపెనీ షేర్లు అమ్మి కడతారట, మిగతా 75,000కి పన్నెండేళ్ల లోను. "ఇది విలువ పడిపోయే బండి కాదు, ఇన్వెస్ట్‌మెంటు" అంటారు. ఒళ్లు మండి పాట్‌లక్‌లో అందరి ముందూ "ఈ వయసులో ఈ పిచ్చేంటి" అనేశాను. మూడు వారాలుగా అవసరానికి మించి మాట లేదు. ఇటు గుంటూరులో మామగారి మోకాళ్ల ఆపరేషన్ ఉంది. ఆయన్ని ఎలా ఆపాలి? లేక మొండితనం నాదేనా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు తగాదాలున్నాయి. మీకు చెప్పకుండా 2,000 డాలర్లు ఇవ్వడం ఒకటి, ఫెరారీ ఒకటి. రెంటినీ ఒకే మూట కట్టినంతకాలం ఏదీ తేలదు. మీరు డబ్బు మాట ఎత్తితే ఆయనకు పాట్‌లక్ గుర్తొస్తుంది, ఆయన కారు మాట ఎత్తితే మీకు స్టేట్‌మెంటు గుర్తొస్తుంది. పాట్‌లక్‌లో అన్న మాటకు మాత్రం సారీ చెప్పండి. "బండి గురించి నా అభిప్రాయం మారలేదు, కానీ నలుగురిలో అనకుండా ఉండాల్సింది" అంటే చాలు. ఆ రోజు ఇంకే మాటా కలపకండి. లెక్కల సంగతి ఓ రెండ్రోజులాగి, పిల్లలు పడుకున్నాక మొదలుపెట్టండి.

ఇక మొండితనం సంగతి. ఆ బండి అంటే మీకు ఇష్టం లేకపోవడం మొండితనం కాదు. అయితే ఇన్వెస్ట్‌మెంటు అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. ఎఫ్430ని 2004 నుంచి 2009 దాకా చేశారు. ఇందులో రెండు రకాల గేర్‌బాక్సులు వచ్చాయి. చేత్తో గేరు మార్చే మాన్యువల్ బండ్లు తక్కువ, వాటికే గిరాకీ, ధరలో తేడా కూడా చాలా ఎక్కువ. స్టీరింగు వెనక రెక్కలు నొక్కి గేరు మార్చేవాటిని ఎఫ్1 అంటారు, ఎక్కువగా దొరికేవి ఇవే. మీ ఆయన ఫోన్లో చూపిస్తున్న వేలం ధరలు ఏ రకానివో ఒకసారి చూడండి. మాన్యువల్ ధర చూసి ఎఫ్1 కొంటున్నారేమో అక్కడే తెలిసిపోతుంది.

లోను కాగితం పక్కన పెట్టుకుని ఈ లెక్క ఇద్దరూ వేయండి. 75,000 డాలర్లకు 9 శాతం వడ్డీ, 144 నెలలు అనుకుంటే నెలకు 854 డాలర్లు దాకా పడుతుంది. మొత్తం కట్టేది 1,22,900 పైచిలుకు, అందులో వడ్డీయే దాదాపు 48,000. అంతకన్నా చూడాల్సింది మధ్యలో ఉంది: అయిదేళ్ల పాటు 51,000 కట్టాక కూడా అసలులో 53,000 మిగిలే ఉంటుంది. పన్నెండేళ్ల లోనులో నెలసరి కిస్తీ చిన్నదిగా కనబడేది ఇందుకే. పైగా టెక్సాస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 8,400 డాలర్లు మొదటి రోజే పోతాయి. బండి ధర అణా తగ్గకపోయినా ఇవి తిరిగి రావు. ఆయన వాదనకు మీ జవాబు ఈ అంకెలే. "పిచ్చి" అన్న మాటతో పని లేదు.

అసలు ఖర్చు రిపేర్లలో ఉంది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఎఫ్1 గేర్‌బాక్సును చాలామంది ఆటోమేటిక్ అనుకుంటారు. లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే. కాలితో తొక్కే బదులు కంప్యూటరు చెప్పినట్టు ఒక హైడ్రాలిక్ పంపు తొక్కుతుంది. మీ ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ కారులా బ్రేకు వదిలి వదిలి ట్రాఫిక్‌లో పాకించారంటే, పాకినంతసేపూ క్లచ్ సగం పట్టుకుని రాపిడి అవుతూనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి డాలస్ నార్త్ టోల్‌వే మీద రోజూ ఆఫీసు నుంచి రావడం, వాలుగా ఉన్న డ్రైవ్‌వేలోకి రివర్సులో ఎక్కించడం, ఈ రెండూ దాన్ని తినేస్తాయి. ఆగినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టి, ముందు ఖాళీ వచ్చాక ఒక్కసారిగా కదిలించేవారి చేతిలో అదే క్లచ్ ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. మార్చాల్సి వస్తే మంచి ఇండిపెండెంట్ షాపులో కూడా అయిదారు వేల డాలర్ల పైమాటే. మార్చాక క్లచ్ ఎక్కడ పట్టు మొదలవుతుందో కంప్యూటరుకు నేర్పించాలి. అది సరిగ్గా చేయని షాపులో పెడితే కొత్త క్లచ్ కూడా ముందే అరిగిపోతుంది.

ఒక ఊరట ఏమిటంటే, క్లచ్ ఎంత శాతం అరిగిందో డయాగ్నొస్టిక్ కంప్యూటరు తగిలిస్తే అంకె వస్తుంది. డీలరు "క్లచ్ బాగుంది సార్" అనడం వేరు, ఆ అంకె ఉన్న కాగితం ఇవ్వడం వేరు.

రెండోది ఎగ్జాస్ట్ మేనిఫోల్డు. ఇంజన్ నుంచి వేడి పొగను బయటికి తెచ్చే గొట్టాలవి. ఈ మోడల్లో కంపెనీ అమర్చినవి వేడికి వ్యాకోచించీ ముడుచుకునీ అతుకుల దగ్గర పగులుతాయని ఈ బండ్లు చేసే మెకానిక్కులందరికీ తెలుసు. రెండు వైపులా మార్చి కూలీ కలిపితే ఇదీ అయిదారు వేలకు తగ్గదు. పగిలిన వాటితో అలాగే నడిపితే లోపలి తునకలతో ఇంజన్‌కే ముప్పు. మంచి మాట కూడా ఒకటి చెప్పాలి: దీనికి ముందు వచ్చిన 360 మోడలుకు కొన్నేళ్లకోసారి టైమింగ్ బెల్టులు మార్చాలి, ఎఫ్430కి చెయిన్ ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు లేదు. ఆయన ఈ మోడలే ఎంచుకున్నారంటే కొంత చదివే ఎంచుకున్నారన్నమాట. ఆ మాట ఆయనతో అనండి, గాలి కొంచెం తేలికపడుతుంది.

చిన్నవాటిలో లోపలి బటన్ల మీద పూత కరిగి జిగురుగా వేళ్లకంటుకోవడం ఒకటి. చూడ్డానికి చిరాకే గానీ ప్రమాదం లేదు, బేరానికి పనికొస్తుంది. టైర్ల పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో చేసిన టైరు. అలాంటి టైర్ల మీద గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, అవి మార్చాల్సినవే. అందుకే "తొమ్మిది వేల మైళ్లే తిరిగింది" అని మురిసిపోకండి. ఇరవై ఏళ్లు గ్యారేజీలో నిద్రపోయిన బండిలో సీళ్లు ఎండి ఆయిలు కారుతుంది, బ్యాటరీ చస్తుంది, పెట్రోలు పాడవుతుంది. ఏటా సర్వీసు చేయించిన రసీదులున్న పాతిక వేల మైళ్ల బండే నయం.

హ్యూస్టన్ బండి అన్నారు కాబట్టి ఇంకో మాట. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు ఆ ఊళ్లో లెక్కలేనన్ని కార్లు మునిగాయి. ఆ నెలలో ఈ బండి ఎక్కడుందో రసీదుల్లో చూడండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అని గానీ, రీబిల్ట్ (దెబ్బతిన్నాక బాగుచేసింది) అని గానీ, వరద ముద్ర గానీ ఉంటే ఇంకేమీ అడగకుండా వచ్చేయండి. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి డిక్కీ ముందుంది. దాని కార్పెట్ ఎత్తి చూడండి, సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి, సీటుబెల్టు చివరిదాకా లాగితే మట్టి చార కనబడుతుందేమో చూడండి.

కారు కంప్యూటరులోని కోడులు చదివే ముప్పై డాలర్ల ఓబీడీ రీడరుతో ఒక మోసం పట్టుకోవచ్చు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే కోడు చెరిపేసి అమ్మేవాళ్లుంటారు. చెరిపిన వెంటనే లైటు పోతుంది గానీ, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు "నాట్ రెడీ" అని చూపిస్తాయి. బ్యాటరీ మార్చినా అలాగే చూపిస్తాయి కాబట్టి, ఆ మాట చెబితే రెండు రోజులు తిప్పి మళ్లీ చూపించమనండి. ఇది మీ ఊళ్లో మరీ అవసరం. 2025 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, మీ కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. రెండు నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు బండి అందులో పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది.

వీటన్నిటికీ కలిపి ఒకటే పని: కొనేముందు తనిఖీ. అమ్మే డీలరుతో సంబంధం లేని, ఫెరారీలు చేసే షాపు చూసి, మీ డబ్బుతో మీరే చేయించాలి. అయిదు వందల నుంచి వెయ్యి డాలర్లవుతుంది. కింది ప్యానెళ్లు విప్పి, లిఫ్టు మీద పెట్టి, క్లచ్ అంకె, మేనిఫోల్డు ఫొటోలు, పెయింటు మందం రాసివ్వాలి. దీనికి ఒప్పుకోని డీలరు దగ్గర కొనకూడదు. ముందు ఆ 2,000 రసీదు తీసి చదవండి, రిఫండ్ ఉందో లేదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. "తనిఖీ తృప్తిగా లేకపోతే అడ్వాన్సు వాపసు" అని డీలరు చేత ఈమెయిల్లో రాయించుకోండి. రాయనంటే ఆ రెండు వేలు వదులుకున్నా నష్టం చిన్నదే.

ఇప్పుడు మీ ఇంటి విషయం. మీరు రాయనిది ఒకటుంది, ఆయన కూడా ఆలోచించి ఉండరు. ఆయన ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి హెచ్1బీకి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. మీ హెచ్4 ఆయన స్టేటస్ మీదే ఆధారపడింది కాబట్టి మీ ఈఏడీ కూడా దానితోపాటే. అంటే ఇద్దరి జీతాలకూ ఒకే దారం. ఆ రెండు నెలల్లో ఫెరారీని తొందరపడి అమ్మితే వచ్చే ధర, తీరిగ్గా అమ్మితే వచ్చే ధర ఒకటి కాదు. పైగా పెళ్లయ్యాక సంపాదనతో కొన్నది ఎవరి పేరున ఉన్నా టెక్సాస్ చట్టం మామూలుగా ఇద్దరిదిగానే చూస్తుంది. అందుకే "అవి నా ఒక్కడి షేర్లు" అన్న మాట ఇక్కడ మామూలుగా నిలవదు. దాన్ని ఆయుధంగా వాడమనడం లేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

నా ఉద్దేశంలో ఈ లోనుతో ఈ బండి వద్దు. బండే వద్దని మాత్రం అనను. మామగారి ఆపరేషన్ డబ్బు, ఆరు నెలల ఇంటిఖర్చు, పాప కాలేజీ నిధి పక్కన పెట్టాక ఇంకా మిగిలిన షేర్లతో పూర్తిగా కొనగలిగితే, దాని పైన రిపేర్లకు విడిగా 15,000 బ్యాంకులో ఉంటే, కొనుక్కోనివ్వండి. ఇన్సూరెన్సుకు అగ్రీడ్ వ్యాల్యూ పాలసీ, అంటే ముందే ఒప్పుకున్న ధర ఇచ్చేది, ఉండాలి. మామూలు పాలసీలో బండి పోయిన రోజున కంపెనీ లెక్కకట్టిన ధరే ఇస్తారు. అగ్రీడ్ వ్యాల్యూ పాలసీలు మామూలుగా గ్యారేజీ అడుగుతాయి, రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారుండాలంటాయి. మీ గ్యారేజీలో ఇప్పుడు ట్రెడ్‌మిల్లూ, ఇండియా నుంచొచ్చిన సూట్‌కేసులూ ఉంటే వాటి సంగతి కూడా మాట్లాడుకోండి, డాలస్ వడగళ్లకు బయట పెట్టే బండి కాదది. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే రెండేళ్లు ఆగమనండి. ఆ రెండేళ్లూ నెలకు 854 డాలర్లు ఒక ఖాతాలో వేయమనండి. ఆ కిస్తీ ఇల్లు మోయగలదో లేదో అందులోనే తెలుస్తుంది. పైగా వేసినంతా మీదే.

ఎలా ఆపాలని అడిగారు. దానికి బదులు తనిఖీకి మీరూ వెళ్లండి. ముందు రోజు రాత్రికే హ్యూస్టన్ చేరి, పొద్దున్నే డీలరు దగ్గరికి వెళ్లండి. "మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే వెనక మూత మీద అరచెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మళ్లీ మర్నాడు రావాలి. చల్లగా ఉంటే స్టార్టు చేయించి, వెనక నిలబడి మొదటి రెండు నిమిషాలు వినండి. మేనిఫోల్డు పగిలితే సన్నగా టిక్ టిక్‌మని వినబడుతుంది, లోహం వేడెక్కి పగులు మూసుకున్నాక తగ్గిపోతుంది. ఆ శబ్దం మీకు వినబడితే ఆయన వైపు చూడకండి. మెకానిక్ నోటితోనే చెప్పనివ్వండి.