ఓడ ఖండం మారేటప్పుడు చవక టికెట్టు

ప్రశ్న: అక్టోబరు చివర బార్సిలోనా నుంచి మయామికి 14 రాత్రుల ఓడ ప్రయాణం. రాత్రి లెక్కన చూస్తే వేసవి మధ్యధరా యాత్రలో సగం ధరే! ఏదైనా మతలబు ఉందా? ఫ్లోరిడాలో ఉన్న అమ్మాయి దగ్గరికి అలా చేరుకోవాలని మా ఆలోచన.

జవాబు: మతలబేమీ లేదండీ. చలికాలానికి ఓడలు యూరప్ వదిలి కరీబియన్‌కు మారతాయి, ఏప్రిల్‌లో మళ్లీ వెనక్కి వస్తాయి. ఖాళీగా నడిపే బదులు గదులు చవగ్గా అమ్ముతారు. అట్లాంటిక్‌లోని కెనరీ దీవులనో మదీరా దీవినో దాటాక ఆరేడు రోజులు నీళ్లే. అలలు పెరిగితే ఈతకొలను మీద వల కప్పేస్తారు. కడుపులో తిప్పే అలవాటుంటే ఓడ నడుమ, కింది అంతస్తు గది తీసుకోండి. పై బాల్కనీయే ఎక్కువ ఊగుతుంది.

అసలు ఖర్చు విమానంలో ఉంది. విడి వన్‌వేలు కొనకండి. హైదరాబాద్–బార్సిలోనా, మయామి–హైదరాబాద్ కలిపి మల్టీ సిటీ టికెట్టుగా చూడండి. రెండు రోజుల ముందే చేరండి, ఓడ మీ కోసం ఆగదు.

భారత పాస్‌పోర్టుకు షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా), అమెరికా వీసాలు రెండూ ఉండాలి, లేకుంటే రేవులోనే ఆపేస్తారు. బీమా నడిసముద్రానికీ వర్తించాలి. మందులు 20 రోజులకు సర్దుకోండి. పడమటికి వెళ్తూ గడియారం ఆరుసార్లు గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, నిద్ర కలిసొస్తుంది. ఏప్రిల్ ప్రయాణంలో అదే నిద్ర పోతుంది.