పిస్టన్ కొనే ముందు ఈ ఉత్తరం చదువు

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది బాల్కనీలో ఇంజన్ విప్పి పరిచింది, మొక్కలకి నీళ్లు కూడా పోయనివ్వడం లేదు" అని గోడు వెళ్లబోసుకుంది. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో పానా పట్టే పిల్ల నువ్వొక్కదానివే కదా అని ఛాతీ కాస్త పొంగింది కూడా. తర్వాత అసలు సంగతి చెప్పింది. బండి సీజ్ అయిందట, అంటే పిస్టన్ సిలిండర్‌లో పట్టేసిందట. డిసెంబర్లో దాన్ని విశాఖ తెచ్చి మట్టి ట్రాక్ మీద నడుపుతావట. ఇక నాకు నిద్రెక్కడిది?

యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సిలిండర్‌కి 50 మిల్లీమీటర్ల బోరు, 50 స్ట్రోకు, 98 సీసీ. నువ్వు పిస్టన్ కిట్‌కి ఆర్డర్ పెట్టేశావని మీ అమ్మ మాటల్లో అర్థమైంది. అది వచ్చినా డబ్బా విప్పకు. పిస్టన్ పోవడం జ్వరం లాంటిది. జ్వరం ఎందుకొచ్చిందో తెలియకుండా మాత్ర వేస్తే ఏమవుతుందో నీకు తెలుసు.

ముందు పాత పిస్టన్‌ని వెలుతురులో తిప్పి చూడు. గీతలు చుట్టూ నాలుగు చోట్ల నిలువుగా ఉంటే, ఇంజన్ వేడెక్కకుండానే గుంజావన్నమాట. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కదా, పిస్టన్ ఉబ్బేసరికి బోరు ఇంకా చల్లగానే ఉంటుంది. గీతలు సైలెన్సర్ వైపే ఎక్కువగా ఉంటే పెట్రోల్ చాలలేదని అనుమానించు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ లోపలికి వెళ్లేది పెట్రోల్‌తోనే. పెట్రోల్ తగ్గితే చల్లదనం పోతుంది, జిడ్డూ పోతుంది. చుట్టూ మొత్తం మసిబారినట్టు గీరుకుపోయి ఉంటే ఆయిల్ అసలు అందలేదు.

నువ్వు ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుతున్నావట. లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపు. భయపడి ఇంకా ఎక్కువ పోయకు. ఆయిల్ పెరిగిన కొద్దీ కార్బొరేటర్‌లో జెట్ అనే సన్నటి రంధ్రంలోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది. ఎక్కువ ఆయిల్ పోసి ఇంజన్ కాల్చుకున్న తెలివైనవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు మీ నాన్న భుజం సంగతి.

ఎడమ భుజం కుడిదాని కంటే కాస్త దిగి ఉంటుంది, గమనించావా? వానలో జారి పడ్డానని చెబుతాడు. అబద్ధం. 1993లో నా బండి నడుపుతూ పడ్డాడు. ఆ బండి అప్పటికే ఒకసారి నా చేతిలో సీజ్ అయింది. విప్పితే సైలెన్సర్ వైపు గీతలు. ఆయిల్ తక్కువైందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. లేత్ షాపులో బోరు అర మిల్లీమీటరు పెద్దది చేయించాను, కొత్త పిస్టన్ వేశాను, జాగ్రత్తకని మెయిన్ జెట్ కూడా ఒక సైజు పెంచాను. స్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా పలికింది. ఒక్క చిన్న తేడా. యాక్సిలరేటర్ వదిలాక రేసు వెంటనే దిగడం లేదు. కాసేపు పైనే ఊగిసలాడి నెమ్మదిగా దిగుతోంది. ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా మార్పు లేదు. నేనేం చేశాను? ఐడిలింగ్ స్క్రూ రెండు చుట్లు వదిలి, సరిపోయిందనుకున్నాను. మర్నాడే పోటీ.

ఆ ఇంజన్ నాతో అంత స్పష్టంగా మొర పెట్టుకుంటే నేను దాని నోరు నొక్కాను.

మీ నాన్నకి అప్పటికి మీ అమ్మతో పెళ్లై ఎనిమిది నెలలు. "బావా, ఒక రౌండు నేను కొడతా" అన్నాడు. మూడో రౌండులో, తిన్నటి దారి మీద, ఫుల్ రేసులో కీచుమని ఒక్క అరుపు వినిపించింది. వెనక చక్రం కదలకుండా పట్టేసింది. కంటి ముందు నుంచి మనిషి ఎగిరిపోయాడు. మెడ కింద ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ రాత్రే ఇంజన్ విప్పాను. క్రాంక్ ఇరుసు చివర తిరిగే మాగ్నెట్ చక్రాన్ని లాగితే వెనకంతా నల్లటి జిడ్డు. ఆ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఉండే రబ్బరు రింగు, అదే క్రాంక్ ఆయిల్ సీల్, దాని పెదవి ఎండిపోయి చిట్లింది. అందులోంచి గాలి పీల్చుకుంటుంటే ఎంత పెద్ద జెట్ వేసి ఏం లాభం? ఆ సీల్ ఖరీదు అప్పట్లో ఒక టీ, రెండు సమోసాలంత.

అందుకే చెబుతున్నా. ఇంజన్ బిగించాక, కార్బొరేటర్ పెట్టకముందు, గాలి పరీక్ష చెయ్యి. కార్బొరేటర్ వైపు, సైలెన్సర్ వైపు రబ్బరు బిరడాలు కొట్టు. అమ్మమ్మ పాత బీపీ మిషన్ మీ ఇంట్లోనే ఉంది, దాని గొట్టాన్ని ఒక బిరడాలోంచి లోపలికి దూర్చు. 300 వరకు ఎక్కించి వదిలెయ్. అయిదారు నిమిషాలు ముల్లు నిలబడితే మంచిది. జారితే మాగ్నెట్ తీసి సబ్బు నీళ్లు రాయి, బుడగలు చూపిస్తాయి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి పోయి తెల్లటి పొగ కక్కుతుంది, దాన్ని ఎవరైనా కనిపెడతారు. మాగ్నెట్ వైపుది దొంగ, పొగ కూడా రాదు. కార్బొరేటర్ రబ్బరు జాయింట్‌నీ వంచి చూడు, సన్నటి పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. లీకు దొరకలేదని ఊరుకోకు, సీల్స్ రెండూ ఎలాగూ మార్చు.

మిగతావి నీకు తెలిసినవే. పిస్టన్ మీద బాణం సైలెన్సర్ వైపు. పిస్టన్ పిన్ను లాకులు కొత్తవి వెయ్యి, వేసేటప్పుడు కింద గుడ్డ కుక్కు. బోర్ చేశాక సిలిండర్ గోడలోని రంధ్రాల, అంటే పోర్టుల, అంచులు మొద్దు చేయమని లేత్ వాడికి గట్టిగా చెప్పు, లేకపోతే రింగులు తెగుతాయి. బోరుకీ పిస్టన్‌కీ సందు డబ్బా మీద రాసినంతే ఉంచమను. మొదటిసారి స్టార్ట్ చేశాక వేడెక్కనిచ్చి ఆపెయ్, పూర్తిగా చల్లారాకే మళ్లీ. మూడుసార్లు అలా.

జెట్ సంగతి మాత్రం వినాలి. మీ హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ సరిపోయిన జెట్ ఇక్కడ బీచ్ పక్కన, అదీ డిసెంబర్ పొద్దున చలిగాలిలో, చాలదు. గాలి చిక్కగా ఉంటుంది. కాబట్టి ఇక్కడికొచ్చాక ఒకటి రెండు సైజులు పెద్దది వేసి మొదలుపెట్టు, నత్తినత్తిగా నడిచినా పరవాలేదు. కొత్త ప్లగ్ వేసి, టాప్ గేర్‌లో ఫుల్‌గా కొంత దూరం లాగి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజన్ ఆపి ప్లగ్ చూడు. చాక్లెట్ రంగు రావాలి. తెల్లగా ఉంటే బండి దిగి నడిచి రా. ఒక్కో సైజు తగ్గించుకుంటూ నువ్వే చూసుకో, పక్కవాడి జెట్ నంబరు అడగకు.

అరకు వైపు వెళితే దిగుడులో యాక్సిలరేటర్ మూసి గేర్ మీద జారకు. పెట్రోల్ పోకపోతే ఆయిల్ కూడా పోదు. మధ్యమధ్యలో ఒకసారి రేసు ఇస్తూ ఉండు.

ఇంకొక్కటి. బండి మీద ఉన్నంతసేపూ ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే. నిద్రలో కూడా అలాగే ఉండాలి నీ చెయ్యి. ఇంజన్ గొంతు మారినట్టు అనిపించగానే నొక్కెయ్, తర్వాత ఆలోచించు. మీ నాన్నకి ఆ రోజు నేను ఇది చెప్పలేదు.

నా మాగ్నెట్ పుల్లర్ బస్సు కార్గోలో వేశాను, రేపు సాయంత్రానికి అందుతుంది. మాగ్నెట్‌ని సుత్తితో కొట్టావో, ఊరుకోను. పుల్లర్ మర రెండో చుట్టు దగ్గర కొంచెం అరిగింది, చుక్క ఆయిల్ వేసి నిదానంగా తిప్పు. పార్సెల్ మీ నాన్న చేతికి పోకుండా నువ్వే వెళ్లి తెచ్చుకో. చూస్తే గుర్తుపడతాడు.

మీ మావయ్య