టెక్ సందేహాలు: ఒక ఫిర్యాదు ఎన్ని ఫోన్లు తిరగాలి?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సాధారణంగా ఫోన్ వేడెక్కుతోందనో, స్టోరేజీ నిండిపోయిందనో చెప్పేవే ఎక్కువ. తరగతులు మొదలైనప్పటి నుంచి మాత్రం తిరుపతి, చిత్తూరు పరిసరాల కళాశాలల సిబ్బంది నుంచి ఒకే ప్రశ్న రకరకాల రూపాలలో వస్తోంది. క్యాంపస్‌లో నేరం జరిగిందని తెలిసినప్పుడు ఆ సంగతిని ఎవరికి, ఏ పద్ధతిలో చేరవేయాలి, చేతిలో ఉన్న ఫోటోలను, వీడియోలను ఏం చేయాలి అన్నదే ఆ ప్రశ్న. వాటిలో నాలుగింటిని ఈ వారం తీసుకున్నాను.

*చంద్రగిరి నుంచి ఒక జూనియర్ కళాశాల అధ్యాపకురాలు: "మా ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు, తన ప్రైవేటు వీడియో ఒకటి పట్టుకుని పాత క్లాస్‌మేట్ బెదిరిస్తున్నాడని ఏడుస్తూ చెప్పింది. ఆధారంగా ఉంటుందని ఆ వీడియోను నా ఫోన్‌కు పంపించుకున్నాను. అందరికీ ఒకేసారి తెలుస్తుంది, స్టాఫ్ గ్రూపులో పెట్టేయమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. పెట్టిన ఐదు నిమిషాలకే భయమేసి, అందరి ఫోన్లలోనూ పోయేలా డిలీట్ చేశాను. ఇక అది పోయినట్లే కదా?"*

పోయిందని అనుకోవడానికి వీలు లేదు. గ్రూపులో పెట్టిన వీడియో ఎంతోమంది ఫోన్లలో ఎవరూ నొక్కకుండానే డౌన్‌లోడ్ అవుతుంది, అక్కడి నుంచి గ్యాలరీలోకి, గ్యాలరీ నుంచి ఆన్‌లైన్ బ్యాకప్‌లోకి తనంతట తానే వెళ్తుంది. మీరు చాట్‌లో చెరిపినంత మాత్రాన ఆ బ్యాకప్‌లోని ప్రతి చెరగదు. పైగా కళాశాల ఆఫీసు గదిలోని ఉమ్మడి కంప్యూటర్‌లో ఎవరో ఒకరి ఖాతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, ఫీజు రసీదు కోసం వచ్చినవాళ్ళకు కూడా ఆ తెర కనిపిస్తుంది. ఇంటికి తీసుకువెళ్ళిన ఫోన్లు పిల్లల చేతుల్లోకి వెళ్తాయి. ఆ ఐదు నిమిషాలలో ఆ వీడియో ఎక్కడెక్కడికి చేరిందో ఇప్పుడు మీరు గానీ నేను గానీ చెప్పలేము.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది చట్టం సంగతి. ఇంటర్ మొదటి సంవత్సరం అంటే దాదాపుగా 18 నిండనివారే. పిల్లలకు సంబంధించిన లైంగిక దృశ్యాలను తీసివేయకుండా, పోలీసులకు తెలపకుండా దగ్గర ఉంచుకోవడం, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 15వ సెక్షన్ పరిధిలోకి రావచ్చునని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. అత్యాచారం వంటి లైంగిక నేరాలలో బాధితురాలి గుర్తింపును వెల్లడించి ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడే నేరం. మనది మంచి ఉద్దేశమే కదా అన్న ధీమాతో ప్రతులు పోగుచేసుకునే అధ్యాపకులను చూస్తే నాకు భయం వేస్తుంది. అమ్మాయి ఎవరి కంటా పడకూడదనుకున్న దృశ్యం, ఆమెకు సాయం చేయాలనుకున్న వారి చేతుల మీదుగానే ఊరంతా చేరుతుంది.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. వీడియోను ఇంకెవ్వరికీ పంపకండి. ఈ రోజే పోలీసుల దగ్గరకు వెళ్ళి, అది మీ ఫోన్‌లోకి ఎలా వచ్చిందో, గ్రూపులోకి ఎలా వెళ్ళిందో దాచకుండా రాసి ఇవ్వండి. మీ ఫోన్‌లోని ప్రతిని, గ్రూపు సభ్యుల ఫోన్లలోని ప్రతులను ఏం చేయాలో వారు చెప్పినట్లే చేయండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలపాలి. దానికి ప్రిన్సిపాల్ గారి అనుమతి అక్కరలేదు. తెలపకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు, తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే 1 సంవత్సరం వరకు జైలుశిక్ష ఉంటుంది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి అదే చట్టం రక్షణ కూడా ఇస్తుంది.

నిజానికి మీకు వీడియోతో పనే లేదు. పోలీసులకు కావలసింది ఎవరు, ఏ నంబరు లేదా ఏ ఖాతా నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు బెదిరించారన్నది. ఆ వివరాలు అమ్మాయి ఫోన్‌లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వాలి. బెదిరింపు మాటల స్క్రీన్‌షాట్లు, పంపినవాడి ప్రొఫైల్ పేజీ, నంబరు పూర్తిగా కనిపించే స్క్రీన్‌షాటు ఆమె ఫోన్‌లోనే తీయించండి. కొన్ని రోజులకు సందేశాలు వాటంతటవే మాయమయ్యే సదుపాయం ఆ చాట్‌లో ఆన్ అయి ఉందేమో మొదట చూడండి. కోపంతో వెంటనే బ్లాక్ చేసేటప్పుడు, చాట్‌ను కూడా చెరిపేయమంటారా అని అడిగే గడిలో చాలామంది చూసుకోకుండా టిక్కు పెట్టేస్తారు, దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది. ఆ వీడియో సామాజిక మాధ్యమాలలోకి ఎక్కకుండా ఉండాలంటే, 18 నిండనివారి కోసం 'టేక్ ఇట్ డౌన్', పెద్దవారి కోసం 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవలున్నాయి. వీడియో ఎక్కడికీ వెళ్ళదు, దాని నుంచి ఫోన్‌లోనే తయారైన ఒక అంకెల ముద్ర మాత్రమే వారికి చేరుతుంది. ఆ ముద్రతో సరిపోలే దృశ్యాలను ఆ సేవలలో చేరిన మాధ్యమాలు ఆపగలుగుతాయి.

ఇక్కడ మెసేజింగ్ యాప్‌లను తయారుచేసేవారితో కూడా నాకు పేచీ ఉంది. ఫార్వర్డ్ బాణం గుర్తు ప్రతి ఫోటో పక్కనే వేలికి తగిలేలా ఉంటుంది. వచ్చిన ఫోటోలు గ్యాలరీలో చేరకుండా ఆపే మీట మాత్రం మూడు మెనూల లోపల, 'మీడియా విజిబిలిటీ' అని ఎవరికీ అర్థం కాని పేరుతో దాగి ఉంటుంది. పంచడం తేలిక, ఆపడం కష్టం అన్న పద్ధతిలో చేసిన వస్తువును చేతికిచ్చి, జాగ్రత్త మాత్రం వాడేవారే పడాలంటే ఎలా?

*చిత్తూరు నుంచి ఒక కళాశాల ల్యాబ్ అసిస్టెంట్: "హాస్టల్ వెనుక రాత్రిపూట ఒక విద్యార్థిని కొట్టారు. సీసీ కెమెరాలో పడింది. మానిటర్ మీద ఆడించి, నా ఫోన్‌తో వీడియో తీసి ఎస్సై గారికి పంపమంటున్నారు. సరిపోతుందా?"*

ఏం జరిగిందో వారికి తొందరగా తెలియడానికి పనికొస్తుందేమో గానీ సాక్ష్యంగా నిలవడం కష్టం. అంతకంటే తొందరపడవలసిన సంగతి వేరే ఉంది. మీ డీవీఆర్, అంటే కెమెరాల దృశ్యాలను దాచే పెట్టె, పాత రికార్డింగు మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. 8 కెమెరాలు ఒక్కొక్కటి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 173 జీబీ అవుతుంది. 1 టీబీ డిస్కు ఆరు రోజులలోపే నిండిపోతుంది. కమిటీ వేద్దాం, సోమవారం కూర్చుందాం అనేలోగా ఆ రాత్రి చెరిగిపోతుంది.

కొన్నేళ్ళ క్రితం మన జిల్లాలోనే ఒక కళాశాలవారు చోరీ జరిగిందని డీవీఆర్ చూడడానికి నన్ను పిలిచారు. పెట్టె మీద ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమబొట్టు చెక్కుచెదరకుండా ఉంది, ఎండిపోయిన బంతిపూలు కూడా ఉన్నాయి. కెమెరాల ఎర్రదీపాలు వెలుగుతున్నాయి, మానిటర్ మీద బొమ్మ స్పష్టంగా కదులుతోంది. లోపలి హార్డ్ డిస్కు మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది, నెలల తరబడి ఒక్క నిమిషం కూడా రికార్డు కాలేదు. మానిటర్‌లో బొమ్మ కదులుతుంటే రికార్డు అవుతున్నట్లే అనుకున్నారు. డిస్కు పాడైతే బీప్‌మని మొత్తుకునే ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉంది, గోల భరించలేక ఎవరో దాన్ని ఆపేశారు.

మీరు చేయవలసిన మొదటి పని, డీవీఆర్ తెర మీది గడియారమూ మీ ఫోన్ గడియారమూ ఒకే ఫోటోలో పడేలా తీసిపెట్టుకోవడం. లోపలి బొత్తాం బ్యాటరీ అయిపోయిన పెట్టెలలో సమయం గంటలు కాదు, ఏళ్ళే తప్పుతుంది. తరువాత సంఘటనకు ముందు, వెనుక గంట చొప్పున కలిపి, ఎక్స్‌పోర్ట్ మెనూ ద్వారా డీవీఆర్ సొంత ఫార్మాట్‌లోనే కొత్త పెన్ డ్రైవ్‌లోకి తీయండి. అది ఆడే ప్లేయర్‌ను కూడా అందులోనే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫైలుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టిన అంకెల ముద్ర, రాయవలసిన గడి ఉంటుంది. ఎస్‌హెచ్‌ఏ 256 అనే రకం హ్యాష్‌ను విండోస్ కంప్యూటర్‌లో 'సర్ట్‌యుటిల్' ఆదేశంతో తీయవచ్చు. ల్యాబ్‌లో పనిచేసే మీకు ఇది రెండు నిమిషాల పని. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది కనుక, మధ్యలో ఎవరో మార్చారన్న వాదనకు అదే జవాబు. వీడియో స్పష్టంగా కనిపించాలని ఏ ఏఐ యాప్‌లోనూ వేసి మెరుగుపరచకండి. అవి లేని ముఖకవళికలను కల్పించి అతికిస్తాయి.

*తిరుపతి నుంచి ఒక డిగ్రీ కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యురాలు: "పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడానికి ఆన్‌లైన్ ఫారమ్ పెట్టాము. నెలయినా ఒక్కటీ రాలేదు. పిల్లలకు ధైర్యం లేదా?"*

పిల్లల ధైర్యం సంగతి తరువాత, ముందు మీ ఫారమ్ సంగతి చూద్దాం. మీరు పంపిన లింకు తెరిస్తే మొదట కళాశాల ఈమెయిలుతో లాగిన్ అవమంటుంది. పేరు చెప్పనక్కరలేదని పైన రాసి, కింద హాల్‌టికెట్ నంబరు పక్కన, తప్పక నింపాలనే ఎర్ర చుక్క పెట్టారు. దానిని నమ్మి రాసే అమాయకులు ఈ తరంలో లేరు. జవాబులు చేరే షీటు కూడా లింకు ఉన్నవారెవరైనా చూడగలిగేలా తెరిచి ఉంది, అది తక్షణం మార్చండి. ఫారమ్ ఎవరి ఖాతాలో ఉందో వారి ల్యాప్‌టాప్‌నే తరగతిలో ప్రొజెక్టర్‌కు తగిలిస్తే, కొత్త ఫిర్యాదు వచ్చిందన్న నోటిఫికేషను అరవైమంది ఎదుట తెర మీద వెలుగుతుంది. దీనికంటే ఘోరమైనవి కళాశాలలు డబ్బు పెట్టి కొనే ఫిర్యాదుల యాప్‌లు. వేధింపు గురించి చెప్పుకోవడానికి వచ్చిన అమ్మాయి దగ్గర కాంటాక్టుల జాబితా, లొకేషను అనుమతి అడిగే యాప్‌ను చూసి నాకు నోట మాట రాలేదు.

అమెరికాలో 1990 నాటి క్లేరీ చట్టం ప్రకారం కళాశాలలు తమ క్యాంపస్ నేరాల లెక్కలను ఏటా ప్రకటించాలి, కొన్ని బాధ్యతలలో ఉన్న సిబ్బంది తమ దృష్టికి వచ్చిన నేరాన్ని తప్పక నివేదించాలి. ఆ లెక్కలలోకి ఏమి జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఎక్కుతాయి గానీ బాధితుల పేర్లు ఎక్కవు. మీ ఫారమ్‌కు కూడా మొదటి అడుగులో ఆ మూడు గడులు చాలు. తరువాత ఎవరిని కలవవచ్చో ఒకరి పేరు, గది నంబరు ఇవ్వండి. పని ప్రదేశాలలో లైంగిక వేధింపుల చట్టం కింద కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు 3 నెలలలోపు రావాలి గనుక ఆ గడువును ఫారమ్ పైభాగంలోనే రాయండి. కమిటీకి చెబితే పోలీసులకు చెప్పే హక్కు పోదని కూడా రాయండి.

*శ్రీకాళహస్తి నుంచి ఒక హాస్టల్ వార్డెన్: "ర్యాగింగ్ జరిగింది. ఒక సీనియర్ ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టాను, అందులో వీడియోలున్నాయని పిల్లలంటున్నారు. పాస్‌వర్డ్ అడిగి చూడవచ్చా? స్టేషన్‌కు ఈమెయిల్ పంపితే చెల్లుతుందా?"*

ఈమెయిల్ చెల్లుతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రూపంలో సమాచారం పంపవచ్చు, మూడు రోజులలోగా వెళ్ళి సంతకం చేయాలి. సంఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవలసిందే. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇస్తారు. ఎవరికైనా దెబ్బలు తగిలి ఉంటే మాత్రం ఈమెయిల్ కాదు, 112కు ఫోన్ చేయాలి. ర్యాగింగ్ విషయంలో యూజీసీ 2009 నిబంధనలు పోలీసులకు ఫిర్యాదు చేయడానికి సంస్థకు 24 గంటల గడువు మాత్రమే ఇచ్చాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు విద్యార్థి నేరుగా కూడా చెప్పుకోవచ్చు.

ఫోన్ తెరవకండి. ఆఫ్ అయి ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి, ఆన్‌లో ఉంటే దూరం నుంచి ఎవరూ చెరపకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వదిలేయండి. మీరు ఒక్కసారి వేలు పెట్టినా, తరువాత అందులో ఏది మీరు కదిపారో, ఏది ముందే ఉందో తేల్చడం కష్టమవుతుంది. ఎవరి నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట తీసుకున్నారో ఒక కాగితం మీద రాసి సంతకం చేసి, ఫోన్‌ను కవరులో పెట్టి అంటించండి. స్టేషన్‌లో అప్పగించేదాకా ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా అదే కాగితం మీద రాయండి.