17 క్రెడిట్ల సెమిస్టర్‌కి ముందు, మా మేనకోడలికి

బంగారుతల్లీ,

మెడికల్ స్కూల్‌లో చేరాలని డిగ్రీలో నువ్వు తీసుకుంటున్న కోర్సులతో పంపిన ఫాల్ సెమిస్టర్ (ఆగస్టు నుంచి డిసెంబర్) లిస్టు నిన్న డ్యూటీ నుంచి వచ్చాక చూశాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, సెల్ బయాలజీ, మూడింటికీ మూడు ల్యాబులు, ఆపైన కాలిక్యులస్, ఇంకా ఒక క్రెడిట్ రీసెర్చ్. మొత్తం 17. కింద "ఓకేనా అత్తా?" అని అడిగావు. ఓకే కాదు తల్లీ. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ లిస్టు నాకు కొత్త కాదు. 1996లో ఇంటర్ బైపీసీ అయ్యాక తెనాలి నుంచి అమెరికా వచ్చాను కదా, ఇక్కడ రెండో ఏడాది ఫాల్‌లో నేను తీసుకున్నవి కూడా దాదాపు ఇవే. అడ్వైజర్ ఒకసారి ఆలోచించుకోమంది. ఇంటర్‌లో పొద్దున నాలుగున్నరకి లేచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చున్నదాన్ని, నాకివి ఒక లెక్కా అనుకున్నాను. అక్టోబర్ చివరికి ఆర్గానిక్ రెండో మిడ్‌టర్మ్‌లో నూటికి 41 వచ్చింది. ఆ పేపర్ నాలుగు మడతలు పెట్టి పుస్తకం వెనక అట్టలో దాచేశాను. కోర్సు విత్‌డ్రా చేసుకోవడానికి, అంటే గ్రేడు పడకుండా మధ్యలో మానేయడానికి, అప్పటికి ఇంకా తొమ్మిది రోజులు గడువుంది. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లలేదు, అడ్వైజర్‌తో చెప్పలేదు, మీ నాన్నకీ చెప్పలేదు. గడువు దాటిపోయింది. చివరికి సి మైనస్ వచ్చింది.

చాలా మెడికల్ స్కూళ్లు తాము తప్పనిసరిగా అడిగే ఇలాంటి సైన్స్ కోర్సుల్లో సి కంటే తక్కువ గ్రేడు ఒప్పుకోవు. మళ్లీ చదివి బి ప్లస్ తెచ్చుకున్నాను. అయినా పాత గ్రేడు పోలేదు. మెడికల్ స్కూళ్లకి మనం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే ఆమ్‌కాస్‌లో రెండుసార్లు చదివితే రెండు గ్రేడులూ లెక్కేస్తారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడులతో సైన్స్ జీపీఏ (గ్రేడుల సగటు) అని విడిగా ఇంకొకటి కూడా తీస్తారు. అంటే నీ లిస్టులో ఉన్నవన్నీ దాంట్లోకే వెళ్తాయి. ఒక్క సెమిస్టర్ దెబ్బతింటే దాన్ని పైకి లాగడానికి ఎన్ని సెమిస్టర్లు పడుతుందో కాగితం మీద ఒకసారి లెక్కేసి చూడు.

అక్కడికీ ఇక్కడికీ ఉన్న తేడా అదే. మన దగ్గర ఇంటర్ రెండేళ్లు ఊపిరి బిగబట్టి చదువుతాం, ఆ ఒక్కరోజు పరీక్ష బాగా రాస్తే ర్యాంకు వస్తుంది, ఎంబీబీఎస్‌లో చేరిపోతాం. మధ్యలో స్లిప్ టెస్టుల్లో ఎన్ని పోయినా ఎవరూ అడగరు. ఇక్కడ నాలుగేళ్లలో ప్రతి సెమిస్టరూ అలాగే నిలిచి ఉంటుంది. మీ నాన్నకి ఇది ఇప్పటికీ అర్థం కాదు. "నాలుగేళ్లు డిగ్రీ, మళ్లీ నాలుగేళ్లు మెడిసినా?" అంటాడు, విజయవాడలో మీ బావని చూపించి. ఆయన మాటకి కంగారుపడి ఒక ఏడాది మిగిలించుకుందామని నువ్వు ఈ లిస్టు వేశావని నాకు అనుమానం. అది నిజమైతే ఆయనతో నేను మాట్లాడతాను. ఇప్పుడు మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్లలో డిగ్రీ అయిన వెంటనే వచ్చేవాళ్ల కంటే ఒకటి రెండేళ్లు ఏదైనా పనిచేసి వచ్చేవాళ్లే ఎక్కువ. నేనూ ఒక ఏడాది క్లినిక్‌లో పనిచేశాకే చేరాను. ఆ ఏడాదిలో పేషెంట్లతో మాట్లాడటం నేర్చుకున్నాను, అది ఏ క్లాసులోనూ రాలేదు.

ఇప్పుడు నీ లిస్టు సంగతి. క్లాసు గంటకి ఒక క్రెడిట్ లెక్కన క్లాసులు వారానికి 13 గంటలు. ల్యాబ్ కాగితం మీద ఒక్క క్రెడిట్టే గానీ, ఒక్కోటి మూడు గంటల పైమాటే, ఆ తర్వాత రిపోర్టు రాయాలి. క్లాసు గంటకి రెండు గంటల చదువు లెక్కన వేసుకుంటే అన్నీ కలిపి 55 గంటలు దాటుతుంది. వారంలో ఉన్నవి 168. రోజుకి ఏడు గంటలు నిద్రపోయినా ఇంకా 60 పైన మిగులుతాయి. ఇక్కడే మోసపోతాం తల్లీ. గంటలు సరిపోతాయి, కానీ పరీక్షలు వారానికొకటి చొప్పున వరసగా రావు. ఐదో వారంలోనో ఆరో వారంలోనో ఆర్గానిక్, ఫిజిక్స్, సెల్ బయాలజీ మిడ్‌టర్మ్‌లు మూడూ నాలుగు రోజుల్లో వచ్చి మీద పడతాయి. అదే వారం మూడు ల్యాబ్ రిపోర్టులూ ఇవ్వాలి. నేను ఆ వారాల్లోనే దెబ్బతిన్నాను, మామూలు వారాల్లో కాదు.

అందుకని ఫిజిక్స్‌ని మూడో ఏడాదికి జరుపు. ఈ ఫాల్‌కి ఆర్గానిక్, సెల్ బయాలజీ, వాటి ల్యాబులు రెండు, కాలిక్యులస్, ఇంకా సైకాలజీ. మొత్తం 15. రీసెర్చ్ జనవరిలో వచ్చే స్ప్రింగ్ సెమిస్టర్‌లో మొదలుపెట్టొచ్చు. కాలిక్యులస్ ముందు అయిపోతే ఫిజిక్స్ తేలికవుతుంది. సైకాలజీ ఎందుకంటావేమో. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మా రోజుల్లో వేరుగా ఉండేది, కాగితం మీద రాశాం. 2015లో మార్చిన పరీక్షలో సైకాలజీ, సోషియాలజీలకి నాలుగింట ఒక భాగం ఇచ్చారు. ఒక్కో భాగానికి స్కోరు 118 నుంచి 132 దాకా, అన్నీ కలిపి ఎక్కువలో ఎక్కువ 528. ఆ భాగం కూడా కెమిస్ట్రీ భాగంతో సమానమే, మన పిల్లలు దాన్ని చివరి నెలకి వదిలేస్తారు. బయోకెమిస్ట్రీ మాత్రం ఎంక్యాట్ కంటే ముందే అయిపోవాలి, దాని మీద ప్రశ్నలు చాలా వస్తాయి.

"బరువైన లోడ్ మోయగలనని చూపించాలి కదా" అంటావు. చూపించాలి. మూడో ఏడాదిలో ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ కలిపి తీసుకున్నప్పుడు చూపిద్దువుగాని. అప్పటికి ఎలా చదవాలో నీకు తెలిసుంటుంది.

ఆ చదవడం గురించే కొంచెం వివరంగా చెప్పాలి. మొన్న వీడియో కాల్‌లో నీ నోట్సు చూశాను. నాలుగు రంగుల హైలైటర్లు, చాలా అందంగా ఉంది. కానీ అది చదువు కాదమ్మా. రాసుకున్నదాన్నే నాలుగోసారి చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి ఖాళీ కాగితం ముందు పెట్టుకుంటే గానీ ఏది వచ్చో ఏది రాదో తేలదు. నేను రెండోసారి ఆర్గానిక్ చదివినప్పుడు లైబ్రరీలో ప్రింటర్ పక్కన పారేసిన, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు ఏరి తెచ్చుకునేదాన్ని. ఒక కాగితానికి ఒక రియాక్షన్.

2-బ్రోమోబ్యూటేన్‌కి హైడ్రాక్సైడ్ కలిపారనుకో. జవాబు బట్టీపట్టొద్దు. నన్ను నేను నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. వచ్చి కలిసేది ఏది? విడిచి వెళ్లేది ఏది? ఆ కార్బన్ చుట్టూ ఎంత ఇరుకుగా ఉంది? సాల్వెంట్ ఏంటి? ఎస్ఎన్2, అంటే ఒకటి వచ్చి కలుస్తుంటే అదే సమయంలో ఇంకొకటి విడిచి వెళ్లే రియాక్షన్ అయితే, హైడ్రాక్సైడ్ బ్రోమిన్‌కి ఎదురు వైపు నుంచి, వెనక నుంచి వస్తుంది. బ్రోమిన్ వెళ్లిపోతుంటే మిగతా మూడు బంధాలూ ఈదురుగాలికి గొడుగు తిరగబడ్డట్టు అటువైపుకి వాలతాయి. దాన్ని పెన్సిల్‌తో గీసి చూడు, బాణం ఎలక్ట్రాన్ల దగ్గర మొదలై అవి వెళ్లే చోట ఆగాలి. కానీ హైడ్రాక్సైడ్ గట్టి బేస్ కూడా, ఇది సెకండరీ కార్బన్ (ఇంకో రెండు కార్బన్లకి అతుక్కున్నది), అందుకని పక్కనున్న హైడ్రోజన్‌ని లాగేసి ఎలిమినేషన్‌కి, అంటే బ్రోమిన్ పోయి డబుల్ బాండ్ ఏర్పడటానికి, కూడా దారితీస్తుంది. అదే టెర్షియరీ కార్బన్ (మూడు కార్బన్లకి అతుక్కున్నది) అయితే వెనక నుంచి రావడానికి చోటే ఉండదు, ఎస్ఎన్2 జరగదు. ఈ నాలుగు ప్రశ్నలూ అడగడం అలవాటైతే రెండొందల రియాక్షన్లు రెండొందలుగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

తప్పు వచ్చిన లెక్కలన్నిటికీ కలిపి ఒక పుస్తకం పెట్టు. జవాబు ఎక్కించడం కాదు, ఎక్కడ దారి తప్పావో ఒక్క వాక్యం రాయి. "చైర్ గీసేటప్పుడు ఆక్సియల్, ఈక్వటోరియల్ తారుమారు చేశాను" అని, అంటే కుర్చీ ఆకారంలో గీసే కార్బన్ ఉంగరంలో నిలువు బంధాలూ పక్కకి ఉండే బంధాలూ అన్నమాట. పరీక్ష ముందు రోజు ఆ పుస్తకం ఒక్కటే చదివేదాన్ని.

బయాలజీకి మాత్రం గుర్తుపెట్టుకోవాల్సినవి నిజంగానే చాలా ఉంటాయి. దానికి యాంకీ యాప్‌లో ప్రశ్న-జవాబు కార్డులు వాడతారు మీరంతా, మంచిదే. కార్డులు నువ్వే తయారుచేసుకో, రోజూ ఇరవై నిమిషాలు చెయ్యి, ఒక్కరోజు వదిలినా గుట్టగా పేరుకుపోతాయి.

ల్యాబ్ రిపోర్టు ల్యాబ్ జరిగిన రాత్రే సగం రాసెయ్. రంగు ఎప్పుడు మారింది, ఎన్ని చుక్కలు పడింది, అన్నీ అప్పుడు కళ్ల ముందే ఉంటాయి. ఐదు రోజుల తర్వాత రాస్తే రెండింతల టైము పడుతుంది.

ఆఫీస్ అవర్స్‌కి రెండో వారంలోనే వెళ్లు. మనకి ఇది అలవాటు లేదని నాకు తెలుసు. లెక్చరర్ దగ్గరికి వెళ్లి రాలేదని చెప్పడం అంటే సిగ్గు, తిడతారని భయం. ఇక్కడ వాళ్లు ఆ గంట నీకోసమే కూర్చుంటారు, చాలాసార్లు ఎవరూ రాక ఖాళీగా ఉంటారు. "అర్థం కాలేదు" అని వెళ్లకు, నువ్వు చేసిన కాగితం పట్టుకెళ్లి "ఇక్కడి దాకా వచ్చాను, ఈ బాణం దగ్గర ఆగిపోయాను" అని చూపించు. రేపు నీకు సిఫార్సు లెటర్ రాయాల్సింది కూడా వాళ్లే. పేరూ మొహమూ తెలియనివాళ్లు ఏం రాస్తారు?

విత్‌డ్రా గడువు తేదీ ఇప్పుడే రాసి పెట్టుకో. ఆ తేదీకి వారం ముందు ప్రతి కోర్సులో నీ మార్కులు ఎక్కడున్నాయో నాకు చెప్పు. మంచివైనా కాకపోయినా సరే. ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో విత్‌డ్రా చేసినందుకు పడే డబ్ల్యూ ఒక్కటి ఉంటే ఎవరూ పట్టించుకోరు. నాలుగైదు ఉంటే అడుగుతారు. ఒక్కటి తీసుకోవాల్సి వస్తే అది ఓడిపోవడం కాదని నీకు చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి. నాకు అప్పుడు లేరు.

బయోకెమిస్ట్రీకి వచ్చినప్పుడు ఫాస్ఫరస్‌ని కొలిచే ఫిస్కే-సుబ్బారో పద్ధతి గురించి వింటావు. 1925 నాటిది. ఆ సుబ్బారో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదాయన. బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేసుకుంటూ పైచదువు చదివారు. ఆర్గానిక్ రెండోసారి చదువుతున్న రోజుల్లో ఆయన సంగతి తెలిసి ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను, ఎందుకో నాకే చెప్పడం రాదు.

నిద్ర మానొద్దు. నైట్ డ్యూటీలు ఎన్నో చేసిన డాక్టర్‌గా చెప్తున్నాను. పగలు చదివింది నిద్రలోనే నిలబడుతుంది. పరీక్ష ముందు రాత్రి రెండు దాకా కూర్చుంటే కొత్తగా ఎక్కేది తక్కువ, ఉన్నది తారుమారయ్యేది ఎక్కువ. తిండి కూడా అంతే. ఆదివారం కుక్కర్‌లో పప్పు పెట్టి, రెండు కూరలు చేసి డబ్బాల్లో సర్దుకుంటే గురువారం దాకా వస్తాయి. శనివారాల్లో మీ అమ్మవాళ్లు గృహప్రవేశానికో బర్త్‌డేకో రమ్మంటే, నెలకి ఒకటికి వెళ్లు. మిగతావాటికి వెళ్లొద్దని నేను చెప్పానని చెప్పు. వదిన నన్నే అంటుంది, ఫర్వాలేదు.

రిజిస్ట్రేషన్ మార్చుకోవడానికి శుక్రవారం దాకా ఉందన్నావు. రేపు పొద్దున్నే అడ్వైజర్‌కి మెయిల్ పెట్టు. ఆదివారం రాత్రి ఎనిమిదికి నాకు వీడియో కాల్ చెయ్యి. సిలబస్‌లు దగ్గర పెట్టుకో, మిడ్‌టర్మ్ తేదీలన్నీ ఒక క్యాలెండర్‌లో ఎక్కిద్దాం. ఏ వారంలో రెండు పరీక్షలు పడుతున్నాయో ముందు అది చూడాలి.

మీ అత్త